నీళ్ళు వాడొద్దని రాసిచ్చినా వినలేదు: హాట్ కొరోజన్ చాప్టర్‌తో నా అనుభవం

థీసిస్‌లో ఆఖరి చాప్టర్‌కి కమిటీ నిన్న ఓకే చెప్పింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే "పోన్లే, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి" అనిపించి సగం మింగేస్తాను. ఇదే పనిలో ఉన్నవాళ్ళకి ఆ సగమే కావాలి.

తెలియనివాళ్ళ కోసం పని ఏమిటో చెబుతాను. గ్యాస్ టర్బైన్ పీల్చే గాలిలో సముద్రపు ఉప్పు ఉంటుంది, ఇంధనంలో గంధకం ఉంటుంది. రెండూ కలిసి సోడియం సల్ఫేట్ అయి బ్లేడ్ల మీద పేరుకుంటాయి. ఆ ఉప్పు 884 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నికెల్ మిశ్రలోహాన్ని వేడిలో కాపాడేది దాని మీద దానంతటదే కట్టుకునే పల్చటి ఆక్సైడ్ పొర. కరిగిన ఉప్పు ముందు ఆ పొరనే తినేస్తుంది. తర్వాత గంధకం లోపలికి దూరి క్రోమియాన్ని పట్టుకుని సల్ఫైడ్ చేస్తుంది. ఇక కొత్త పొర కట్టడానికి చాలినంత క్రోమియం మిగలదు. మామూలు గాలిలో ఎంతోకాలం నిలబడే లోహం ఇక్కడ కొద్ది గంటలకే పెచ్చులూడటం మొదలుపెడుతుంది. దీన్నే హాట్ కొరోజన్ అంటారు. ఇన్‌కోనెల్ 625 అనే నికెల్ మిశ్రలోహం ముక్కల్ని ఉత్తవి కొన్ని, నికెల్-క్రోమియం-అల్యూమినియం-ఇట్రియం కోటింగ్ వేసినవి కొన్ని తీసుకుని 900 డిగ్రీల్లో పక్కపక్కనే పెట్టి పోల్చడం నా పని.

ముక్కలు కోయించడం, హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో (వేడి మంటతో పొడిని మహా వేగంగా చిమ్మి) కోటింగ్ వేయించడం ఏ గొడవా లేకుండా అయిపోయాయి. ఉప్పు పూయడం నాకు ఇష్టమైన పని. ముక్కను హాట్ ప్లేట్ మీద వేడెక్కించి, సోడియం సల్ఫేట్ ద్రావణంలో ముంచిన మెత్తటి బ్రష్‌ని తాకిస్తే చుయ్‌మని నీరు ఎగిరిపోయి తెల్లటి పూత నిలుస్తుంది. చదరపు సెంటీమీటర్‌కి 3 నుంచి 5 మిల్లీగ్రాములు పడాలి. పూయడం, ఆరనివ్వడం, తూచడం, తగ్గితే మళ్ళీ పూయడం. ప్రతి ముక్క బరువూ పూతకి ముందు ఎంతో, తర్వాత ఎంతో రిజిస్టర్‌లో రాసి సంతకం చేశాను. ఈ రిజిస్టర్ సంగతి మళ్ళీ వస్తుంది.

ఫర్నేస్‌లో ఒక గంట, బయట ఇరవై నిమిషాలు, ఇది ఒక సైకిల్. ముక్కని పెట్టే చిన్న గిన్నెల్ని, అంటే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) బోట్లని, ముందే బాగా కాల్చి, వాటి బరువు మారడం ఆగాకే వాడాలి. ముక్కని బోట్‌తో సహా తూచాలి, లేకపోతే రాలిన పెచ్చుల బరువు లెక్కలోంచి జారిపోతుంది. ఏ సమ్మేళనాలు ఏర్పడ్డాయో ఎక్స్‌రేలతో గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష ఏ పేచీ లేకుండా అయింది.

అసలు కథ క్రాస్ సెక్షన్ దగ్గర మొదలైంది. ముక్కని అడ్డంగా కోసి, ఎపాక్సీలో (పోశాక గట్టిపడే జిగురులో) బిగించి, అద్దంలా పాలిష్ చేసి ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే పైన ఉప్పు, కింద ఆక్సైడ్, దాని కింద సల్ఫైడ్ చుక్కలు, చివర లోహం వరసగా కనిపించాలి. ఉప్పు ఏం చేసిందో చూపించే సాక్ష్యం ఇదొక్కటే. బరువు గ్రాఫ్ ఎంత అందంగా వచ్చినా దీని బదులు పనికిరాదు. ఆక్సిజన్ చేరి బరువు పెరుగుతుంది, ఉప్పు ఆవిరై తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతుంటే ఒక్క అంకెలో ఏది ఎంతో ఎవరు చెప్పగలరు? అయినా పెద్దలకి గ్రాఫ్ అంటేనే ప్రాణం.

మా సెంట్రల్ ల్యాబ్‌లో పాలిషింగ్ మెషీన్‌ని మాలాంటి రీసెర్చ్ స్కాలర్లు ముట్టుకోకూడదు. ఫారం నింపి ముక్కలిచ్చి రావడమే. ఫారంలో "ప్రత్యేక సూచనలు" అని అగ్గిపెట్టెంత గడి ఒకటి ఉంటుంది. అందులో రాశాను: నీళ్ళు అస్సలు వాడవద్దు, ఉప్పు కరిగిపోతుంది, ఇథనాల్‌తోనే కడగాలి, చల్లగా గట్టిపడే ఎపాక్సీనే వాడాలి. కింద గీత కూడా గీశాను. తీసుకున్నాయన చదివినట్టే తలూపారు.

ఫొటోలు వచ్చాయి. ఉప్పు ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ. దాని కింద ఆక్సైడ్ నిలువునా పగిలి ఉంది. ఎక్స్‌రేలని బట్టి ఏ మూలకం ఎక్కడుందో చూపే ఈడీఎస్‌లో సోడియం గీత ఉందంటే ఉంది, లేదంటే లేదు. గంధకం మ్యాప్ మాత్రం మెరిసిపోతోంది. మౌంటింగ్‌లో, అంటే ఎపాక్సీలో బిగించేటప్పుడు, పొర లేచిపోయి ఉంటుందిలే అన్నారు గైడ్ సార్. అవే తీసుకుని కమిటీ ముందు నిలబడ్డాను.

బయటి విభాగం నుంచి వచ్చే సభ్యుడు ఒకాయన ఉన్నారు. మూడో స్లైడ్ దగ్గరే ఆపారు. "సోడియం ఏదమ్మా?" అన్నారు. చెప్పబోయాను. "ఉప్పు నిజంగా పూశావా, పూశాననుకుంటున్నావా?" అన్నారు. గదిలో నవ్వులు. రిజిస్టర్ తీసి చూపించాను. తెరవనే లేదు, పక్కకి నెట్టేశారు. "ఇది ఉత్త ఆక్సిడేషన్. దీనికి హాట్ కొరోజన్ అని పేరు పెట్టుకుంటే ఎలా?" అని, తర్వాత గంధకం మ్యాప్ మీద లేజర్ పెట్టి, "నువ్వు గంధకం అంటున్నదంతా మాలిబ్డినం" అన్నారు. తల కొట్టేసినట్టయింది. గైడ్ సార్ నోటివెంట "చూస్తాం సార్" తప్ప ఇంకో మాట రాలేదు. రిజిస్టర్‌లో ఆ పేజీల మీద ఆయన సంతకం కూడా ఉంది మరి.

న్యాయంగా చెప్పాలంటే ఆ చివరి మాటలో విషయం ఉంది. ఈడీఎస్‌లో గంధకం గీత 2.307 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మాలిబ్డినం ఎల్ గీత 2.293 దగ్గర వస్తాయి. మధ్య దూరం 14 ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు ఈడీఎస్ డిటెక్టర్ విడదీయగలిగేది 130 చుట్టుపక్కల. అంటే రెండూ ఒకే గుట్టగా కనిపిస్తాయి, సాఫ్ట్‌వేర్ తనకి తోచిన పేరు పెడుతుంది. 625లో మాలిబ్డినం 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. ఈ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆయనకి దణ్ణం పెట్టేదాన్ని. ఉప్పు పూశావా అని అడిగిందే మింగుడుపడలేదు.

మర్నాడు సెంట్రల్ ల్యాబ్‌కి వెళ్ళి, పాలిషింగ్ ఎలా చేశారో చెప్పండని ఆపరేటర్ గారిని అడిగాను.

"ఎప్పటిలాగే చేశాం. ఏం, బాగా రాలేదా?"

"నీళ్ళు వాడారా సార్?"

"నీళ్ళు లేకుండా పాలిషింగ్ ఏంటమ్మా, పేపర్ మాడిపోదూ! అసలు మీ ముక్కల్లోంచి పసుప్పచ్చగా నీళ్ళు కారాయి. అదంతా పోయేదాకా ఒకటికి రెండుసార్లు ఎక్కువే కడిగి ఇచ్చాం."

ఎంత గర్వంగా చెప్పారో! నాకు మాత్రం కాళ్ళకింద నేల కదిలింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది కూడా. ఆ పసుపు రంగే నా సాక్ష్యం. కరిగిన సోడియం సల్ఫేట్ క్రోమియం ఆక్సైడ్‌ని కరిగించుకున్నప్పుడు సోడియం క్రోమేట్ ఏర్పడుతుంది. అది పసుప్పచ్చగా ఉంటుంది, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. ఉప్పే పూయకపోతే ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇన్ని నెలల పనికి రుజువు మొత్తం సింకులో నీళ్ళపాలైంది.

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పాలి. ఆ పసుపు నీళ్ళలో ఉన్నది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ కలిగించే పదార్థం. దాన్ని ఉత్త చేతులతో కడిగి సింకులో వదిలారు. ఆ పక్కనే ఇంకొకరు టీ కప్పు కడుక్కుంటున్నారు. ఫారంలో ఆ గడి అలంకారానికి పెట్టలేదు. ముక్కలిచ్చేవాళ్ళు అందులో ఏముందో రాయాలి, తీసుకునేవాళ్ళు చదవాలి. ఒక్క స్కాలర్ ఫొటోలు పాడవడం ఈ లెక్కలో చాలా చిన్న నష్టం.

సరే, ప్రతి రకానికీ రెండేసి ముక్కలు ముందే అదనంగా కాల్చి డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్రలో) దాచాను. మా ల్యాబ్‌లో ఇలా చేసేది నేనొక్కదాన్నే, ఇది గొప్పకే చెబుతున్నాను. "ఫర్నేస్ ఖాళీ లేకుండా చేస్తోంది" అని అప్పట్లో గొణిగినవాళ్ళు ఇప్పుడు నోరెత్తడం లేదు. డెసికేటర్ ఎందుకంటే సోడియం సల్ఫేట్ గాలిలో తేమని కూడా పట్టుకుంటుంది. టేబుల్ మీద వదిలేస్తే పాలిషింగ్ దాకా రాకముందే పొర ఉబ్బి లేస్తుంది.

ఒక ముక్కని కొలిచిన డీఅయొనైజ్డ్ నీళ్ళలో వేసి గోరువెచ్చగా ఉంచాను. కాసేపటికి నీళ్ళు లేత పసుపుకి తిరిగాయి. సీసా పక్కన రిజిస్టర్ పేజీ పెట్టి ఫొటో తీసుకున్నాను. ఆ నీళ్ళలో సోడియం, క్రోమియం ఎంతో ఐసీపీ అనే మూలకాలు కొలిచే పరికరంలో, సల్ఫేట్ ఎంతో అయాన్ క్రొమటోగ్రఫీలో కొలిపించాను. పూసిన సోడియంలో చాలా భాగం లెక్కకి వచ్చింది. క్రోమియం కూడా బోలెడు కరిగింది.

రెండో ముక్కకి పాలిషింగ్ నేనే చేశాను, సెంట్రల్ ల్యాబ్ గడప తొక్కలేదు. పక్క విభాగంలో పాత చక్రం ఒకటి మూలపడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. వేడి మౌంటింగ్ వద్దు, ఆ ఒత్తిడికి ఆక్సైడ్ పగులుతుంది. పల్చటి ఎపాక్సీని వాక్యూమ్‌లో పోస్తే పగుళ్ళలోకి దిగి పొరని కదలకుండా పట్టుకుంటుంది. ఎమరీ పేపర్ మీద నీళ్ళ బదులు కిరోసిన్, చక్రం నెమ్మదిగా, గాలి లాగేసే హుడ్ కింద. చివర్లో నూనెలో కలిపిన డైమండ్ పేస్ట్. కడగడానికి నీరు లేని ఇథనాల్. బాటిల్ మీద 95 శాతం అని ఉంటే మిగతా 5 శాతం నీరే, అది తీసుకోవద్దు. ఆరాక వెంటనే కార్బన్ పూత వేయించి ఎస్‌ఈఎంలో పెట్టాలి. రాత్రికి వదిలేసి వెళ్ళాల్సి వస్తే మళ్ళీ డెసికేటరే. చేతులకి మూడు రోజులు కిరోసిన్ వాసన పోదు. హాట్ కొరోజన్ ముక్కల కోసం ఐఎస్ఓ 26146 అని మెటలోగ్రఫీ ప్రమాణం కూడా ఉంది. "ఎప్పటిలాగే చేశాం" అనేవాళ్ళకి దాని నంబరు రాసివ్వండి, కాస్త తగ్గుతారు.

మిగిలింది మాలిబ్డినం తగువు. ముందు ఎస్‌ఈఎం వోల్టేజ్ 30 కిలోవోల్టులకి పెంచి 17.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరున్న మాలిబ్డినం కె గీతతో మ్యాప్ తీయించాను. 20 కిలోవోల్టుల్లో ఆ గీత రాదు. అంత వోల్టేజ్‌లో ఎలక్ట్రాన్లు లోతుగా దిగి బొమ్మ అలుక్కుపోయింది కానీ, సల్ఫైడ్ అనుకున్న చుక్కల్లో మాలిబ్డినం గుంపులుగా లేదని తెలిసింది. అలుక్కుపోయిన బొమ్మతో ఆ సభ్యుడి ముందుకి మళ్ళీ వెళ్ళే ధైర్యం నాకు లేదు. అందుకని వేరే సంస్థలో ఎలక్ట్రాన్ ప్రోబ్ అనే పరికరం మీద డబ్ల్యూడీఎస్ మ్యాపులు తీయించాను. స్లాట్ దొరకడం ఆలస్యమైంది, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. డబ్ల్యూడీఎస్ క్రిస్టల్‌తో తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేరు చేస్తుంది కాబట్టి ఆ రెండు గీతలూ విడిపోయాయి. ఆక్సైడ్ కింద, క్రోమియం ఉన్నచోటే గంధకం చుక్కలు చుక్కలుగా తేలింది. మాలిబ్డినం దారి వేరు. కోటింగ్ వేసిన ముక్కలో గంధకం పై పొరల్లోనే ఆగిపోయింది, అడుగున లోహం దాకా రాలేదు. పైన పల్చగా, తెగిపోకుండా అల్యూమినా పొర.

నిన్న మీటింగ్‌లో పసుపు నీళ్ళ సీసాని టేబుల్ మీద పెట్టాను, మూత గట్టిగా బిగించి, లేబుల్ అంటించి. అదే సభ్యుడు సీసా ఎత్తి వెలుతురులో చూశారు. గంధకం మ్యాపునీ మాలిబ్డినం మ్యాపునీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించమన్నారు. చూపించాను. "ఇవి మొదటిసారే పెట్టాల్సింది" అని సంతకం పెట్టారు. సారీ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. గైడ్ సార్ మాత్రం బయటికొచ్చాక "మన టెక్నిక్ బాగా పనిచేసింది" అన్నారు. మనది!

సెంట్రల్ ల్యాబ్ ఇన్‌చార్జికి ఉత్తరం ఇచ్చాను: ఫారంలో "నీటిలో కరిగే పదార్థం ఉందా, విషపూరితమా" అని రెండు గడులు పెట్టండి, ముక్కలు తీసుకునేటప్పుడే సంతకం తీసుకోండి అని. ఫారం మార్చాలంటే మీటింగ్ పెట్టాలట. అంతవరకు మీరు చేయాల్సింది ఒకటే: ఫారంతో పాటు ముక్క డబ్బా మూతకే ఎర్ర స్టిక్కర్ అంటించండి. ఫారం ఆఫీసులో ఉండిపోతుంది, డబ్బా మెషీన్ దాకా వెళ్తుంది.

ఆ సభ్యుడి స్కాలర్ ఒకమ్మాయి వెనేడియం పెంటాక్సైడ్ కలిపిన సల్ఫేట్ ఉప్పుతో పని చేస్తోంది. నిన్న మీటింగ్ అయ్యాక కారిడార్‌లో ఆపి, "అక్కా, మీ పాలిషింగ్ పద్ధతి కాస్త రాసిస్తారా?" అంది. అదనపు ముక్కలున్నాయా అని అడిగాను. లేవు, ఉన్నవన్నీ పొద్దునే సెంట్రల్ ల్యాబ్‌లో ఇచ్చేశానంది. అక్కడే నిలబెట్టి ఫోన్ చేయించాను. ఇంకా మెషీన్ ఎక్కలేదట. వెళ్ళి డబ్బా వెనక్కి తెచ్చుకుంది.