అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్‌కు ఫౌండేషన్లు తయారు చేయించిన తీరు

పాత కారులో వేరే ఇంజిన్ దింపాలనుకునే వారంతా ఇంజిన్ గురించి, గేర్‌బాక్స్ గురించి ఎంతో విచారిస్తారు గానీ, వాటిని మోసే ఫౌండేషన్ల (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్లు, రబ్బర్ల) దగ్గరికి వచ్చేసరికి ఏ వెల్డింగ్ షాపులోనైనా నాలుగు పట్టీలు కోసి అతికిస్తే సరిపోతుందని అనుకుంటారు. మా ఇంటి అంబాసిడర్‌లో హిందుస్థాన్ మోటార్స్ వారి మరో కారు కాంటెస్సా నుంచి తీసిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ను విజయవాడ ఆటోనగర్‌లో పెట్టించినప్పుడు, మొత్తం పనిలో మేము ఎక్కువగా ఆలోచించవలసి వచ్చింది ఆ ఫౌండేషన్ల గురించే. ఇంజిన్ ఎక్కడ ఉండాలో ముందు తేలాలి, ఏ రబ్బరు మీద కూర్చోవాలో ఆ తరువాత తేలాలి, ఇనుము కోయడం అన్నిటికన్నా చివర రావాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి వెల్డరు చేతిలో పెట్టినా పని కుదరదని నా గట్టి నమ్మకం.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు 1489 సిసి బీఎంసీ ఇంజిన్ ఉండేది. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థే 84 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 82 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గల 1817 సిసి ఇసుజు ఇంజిన్‌ను ఇందులో అమర్చింది. అంటే ఈ కారులో ఆ ఇంజిన్ పడుతుందని కంపెనీయే ముందుగా నిరూపించింది. కంపెనీ వాడిన బ్రాకెట్లే దొరికితే పని చాలా తేలికయ్యేది కానీ, పాత విడిభాగాల దుకాణాల్లో ఎంత వెదికినా నాకు పూర్తి జత దొరకలేదు. కాంటెస్సా బ్రాకెట్లు ఈ బాడీకి సరిపోవు, ఎందుకంటే ఆ కారు వాక్స్‌హాల్ విక్టర్ అనే మరో ఇంగ్లీషు కారు వంశానికి చెందినది. కనుక కొత్తగా తయారు చేయించుకోక తప్పలేదు.

ఇనుము ముట్టుకోక ముందే తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగానే వ్యాఖ్యానించింది. కాబట్టి రవాణా అధికారి నుంచి రాతపూర్వకంగా అనుమతి వచ్చిన తరువాతే పాత ఇంజిన్ బోల్టులు విప్పాలి.

ఇక స్థానం సంగతి. పూర్తి ఇంజిన్‌ను మాటిమాటికీ చైన్ కప్పీ మీద ఎక్కించి దించడం కష్టం, ప్రమాదం కూడా. అందువల్ల హెడ్ విప్పిన ఖాళీ బ్లాకుకు గేర్‌బాక్స్ డొల్లను బిగించి, కింద చాంబర్ (ఆయిల్ నిలిచే తొట్టి) తగిలించి, ఆ తేలికైన నమూనాతోనే కొలతలన్నీ తీశాము. ఈ సమయంలో కారు స్టాండ్ల మీద కాకుండా తన నాలుగు చక్రాల మీద, మట్టమైన నేల మీద నిలబడి ఉండాలి. అంబాసిడర్‌కు విడి చాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) మీద ఆధారపడి ఉంటుంది కనుక, అవి సాగి కారు ముక్కు వంగి ఉంటే ముందుగా ఆ ఎత్తు సరిచేయాలి, లేకపోతే కోణాలన్నీ తప్పుతాయి.

కోణాలలో ముఖ్యమైనది గేర్‌బాక్స్ నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది. షాఫ్ట్ రెండు కొనల్లోనూ ఉండే కీలు, అంటే యూనివర్సల్ జాయింటు, వంగి తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. గేర్‌బాక్స్ వెనుక కొన, వెనుక ఇరుసులో షాఫ్ట్ తగిలే పినియన్ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే ముందు జాయింటు పుట్టించిన హెచ్చుతగ్గును వెనుక జాయింటు రద్దు చేస్తుంది. సాధారణంగా ఇంజిన్ వెనుక వైపుకు మూడు డిగ్రీల వరకు వాలి ఉంటుంది. షాఫ్ట్ పూర్తిగా తిన్నగా ఉండటమూ మంచిది కాదు, జాయింటులోని సూది బేరింగులు కదలక ఒకే చోట అరిగిపోతాయి. రసమట్టం, తూకం గుండు, డిగ్రీల గేజీ, ఈ మూడే ఈ దశలో మాకు పనికొచ్చిన పనిముట్లు. కోణం కుదిరాక చాంబర్‌కూ దాని కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కూ మధ్య, స్టీరింగ్ రాడ్లకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య, ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య ఖాళీ చూసుకున్నాము. ఆయిల్ ఫిల్టర్‌ను చేత్తో విప్పడానికి, స్టార్టర్‌ను కిందికి దించడానికి చోటు ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. ఇంజిన్ ఇంచుమించు కుదిరాక, చెక్క దిమ్మెల మీద దాన్ని కదలకుండా నిలిపి ఉంచాము.

రబ్బరు ఎంపికను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకు రెండు సిలిండర్లు మండుతాయి, కాబట్టి నిమిషానికి 750 చుట్ల ఐడిలింగ్‌లో సెకనుకు 25 సార్లు కుదుపు పుడుతుంది. ఆ కుదుపు బాడీకి చేరకూడదంటే రబ్బర్ల మీద ఇంజిన్ ఊగే సహజ పౌనఃపున్యం (దానంతట అది ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) సెకనుకు సుమారు 17 కన్నా తక్కువ ఉండాలి. రబ్బరు మరీ గట్టిదైతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అద్దాలూ డాష్‌బోర్డూ వణుకుతాయి, మరీ మెత్తనిదైతే గేరు లివరు ఊగిపోతుంది. షోర్ ఎ కొలమానంలో 50 నుంచి 60 మధ్య గట్టిదనం ఈ తరహా కారుకు సరిపోతుంది. పదేళ్ల తరువాత కూడా ఏ ఊరి దుకాణంలోనైనా దొరికే రబ్బరునే ఎంచుకుని దానికి తగినట్టు బ్రాకెట్ చేయించుకోవాలే తప్ప, అందమైన బ్రాకెట్ చేసి దానికి పట్టే రబ్బరు కోసం వెదకకూడదు. మరొక జాగ్రత్త కూడా ఉంది: బరువు పడగానే రబ్బరు కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. ఎంత కుంగుతుందో బరువు పెట్టి చూసి, ఆ ఎత్తుకు సమానమైన ఇనుప దిమ్మెలు లేత్ మీద తిప్పించి, బ్రాకెట్లు అమర్చేటప్పుడు రబ్బర్ల బదులు వాటినే వాడాము.

బ్రాకెట్ మోసేది ఇంజిన్ బరువు ఒక్కటే కాదు. ఇంజిన్ 130 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందని, మొదటి గేరు నిష్పత్తి 3.5 అని అనుకుందాం. గేర్‌బాక్స్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది గనుక 455 న్యూటన్ మీటర్ల ప్రతిచర్య మొత్తం ఫౌండేషన్ల మీదనే పడుతుంది. అవి అర మీటరు ఎడంగా ఉంటే ఒక్కొక్క దానికి 900 న్యూటన్ల పైచిలుకు, అంటే 90 కిలోలకు మించిన బలం. క్లచ్ ఒక్కసారిగా వదిలితే అది ఇంకా పెరుగుతుంది. ఈ తరహా కార్లలో ఆ బలం కుడి వైపు రబ్బరును కిందికి నొక్కుతుంది, ఎడమ వైపు రబ్బరును పైకి లాగుతుంది. నొక్కుడును రబ్బరు ఎంతైనా ఓర్చుకుంటుంది కానీ, లాగుడుకు లోహం నుంచి ఊడిపోతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1971 చివర సుమారు 67 లక్షల షెవర్లే కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది ఈ కారణంగానే: ఫౌండేషన్ విడిపోతే ఇంజిన్ పైకి లేచి యాక్సిలరేటర్‌ను లాగి పట్టేసే ప్రమాదం ఉండేది. అందుకని మేము ఎడమ బ్రాకెట్‌కు పైనుంచి ఒక ఇనుప పెదవి పెట్టించాము. రబ్బరు పూర్తిగా తెగినా ఇంజిన్ ఆ పెదవిని దాటి లేవలేదు. కారు రోజూ నడిపేది మనవాళ్లే కదా, ఈ చిన్న ముక్కను ఎవరూ వదిలేయకూడదని నా విన్నపం.

ఇనుము పని అంతకన్నా సూటిగా సాగింది. ముందు అట్టతో నమూనాలు కోసి, వాటి ప్రకారం 6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ప్లేటు కోయించాము. ఇంజిన్ వైపు బ్లాకుకు కంపెనీ ఇచ్చిన రంధ్రాలనే వాడాము, ఎందుకంటే పోత ఇనుములో కొత్త రంధ్రాలు వేయడం మంచిది కాదు. బాడీ వైపు రేకు పలుచన, పైగా ఇన్నేళ్ల తుప్పు. అక్కడ బ్రాకెట్‌ను నేరుగా అతికిస్తే కొంతకాలానికి రేకు చిరుగుతుంది. తుప్పు పట్టిన భాగం తీసేసి, బరువు విశాలంగా పరుచుకునేలా వెడల్పాటి ప్లేటు వేసి, బోల్టు బిగించినప్పుడు పెట్టె ఆకారపు భాగం నలగకుండా లోపల గొట్టపు ముక్కలు నిలిపాము. బ్రాకెట్ పక్కలకు త్రికోణపు ఆనుపు ప్లేట్లు ఉండాలి, ఒట్టి ఎల్ ఆకారపు పట్టీ ఎంత మందంగా ఉన్నా మూల దగ్గర అలసిపోయి పగులుతుంది.

టాకులు (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రం కారులోనే వేసి, బ్రాకెట్లను బయటికి తీసి బల్ల మీద పూర్తి వెల్డింగ్ చేయించాము. వేడికి వంకర పోకుండా వాటిని ఇనుప దిమ్మెలకు బిగించే ఉంచారు. కారులో వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పించాము. బోల్టులన్నీ 8.8 గ్రేడు అనే గట్టి రకానివి.

రబ్బర్ల మీద కూర్చున్న ఇంజిన్‌కు బాడీతో విద్యుత్ సంబంధం తెగిపోతుంది. మందపాటి ఎర్త్ పట్టీ వేయకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో దారి వెదుక్కుని దాన్ని కాల్చేస్తుంది. పట్టీకి కాస్త వదులు ఇవ్వాలి, ఇంజిన్ ఊగినప్పుడు తెగకుండా.

కారు రోడ్డెక్కే ముందు ప్రతి బోల్టు తల మీదుగా బ్రాకెట్ వరకు పెయింటుతో ఒక గీత గీసుకోవాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత గీతలు విరిగి కనిపిస్తే బోల్టు వదులైనట్టు. అప్పుడే ఎడమ పెదవి కింద ఖాళీని కూడా మళ్లీ కొలిచి, రబ్బరు కుంగి ఆ ఖాళీ పెరిగిన మేరకు ఒక పలుచని ప్లేటుతో సరిచేయాలి.