వేసవిలో పెద్దవాళ్ల తరగతి: సీసాలో మట్టి పాఠం

పల్లెలో పెద్దవాళ్లకు ఆరుబయట వేసవి తరగతి పెడితే ముందు వేళ తేల్చుకోవాలి. పొద్దున 6కు మొదలుపెట్టి, ఎండ ముదరకముందే 8కల్లా ముగించాలి. పన్నెండు, పదిహేను మందికి మించితే వెనకున్నవాళ్లకు ఏమీ కనబడదు. మనిషికో లీటరు నీళ్లు ఉండాలి. తరగతి చోటికి నడిచేటప్పుడు అందరికన్నా నెమ్మదైనవారిని ముందు ఉంచండి.

మొదటి పాఠానికి, మట్టిలో ఇసుక, ఒండ్రు (ఇసుకకన్నా సన్నని మట్టి), బంకమన్ను ఎంతెంత ఉన్నాయో చూసే మట్టి పరీక్షే నాకిష్టం, ఎందుకంటే చదువు రానివారూ సమానంగా చేయగలరు. పైచెత్త తీసేసి, 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తవ్వాలి. రాళ్లు, వేర్లు ఏరేసి, నిలువు గోడల గాజు సీసాలో మూడో వంతు పోయాలి. చెంచాడు గిన్నెల సబ్బు వేసి, మెడ దాకా నీళ్లు నింపి, మూత బిగించి 5 నిమిషాలు గట్టిగా కుదపాలి. కదలని చోట పెట్టి, ఒక నిమిషం తర్వాత ఇసుక మట్టం, 2 గంటల తర్వాత, అంటే తరగతి ముగిశాక, ఒండ్రు మట్టం గీత గీయాలి. బంకమన్ను దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి తర్వాతి తరగతి మూడో రోజున పెట్టండి. మొత్తం మట్టి 10 సెంటీమీటర్లు ఉండి ఇసుక 4 ఉంటే, అది 40 శాతం.

తప్పు ఎక్కువగా కుదపడంలోనే జరుగుతుంది. విడిపోని బంక గడ్డలు ఇసుకతోపాటే అడుగుకు చేరి, ఇసుక ఎక్కువున్నట్టు చూపిస్తాయి. సబ్బు ఎక్కువైతే నురగలో గీత దొరకదు. ఎవరి సీసా వారే ఇంటికి తీసుకెళ్తామంటే వద్దనండి, దారిలో కదిలి పొరలు మళ్లీ కలిసిపోతాయి.