చేతి వెనకవైపు

"అరచేతితో కాదురా, చేతి వెనకవైపు ఆనించి చూడు."

నేను ఇంటికొచ్చేసరికి నాన్న హాల్లో నేలమీద పాకుతున్నారు. మోకాలి ఆపరేషనై ఏడాది కూడా కాలేదు! వెనకే మావాడు, కళ్ళు గట్టిగా మూసుకుని, బెడ్‌రూమ్ తలుపు కోసం తడుముకుంటూ.

"వెనకవైపే ఎందుకు తాతయ్యా?"

"తలుపు అవతల మంటుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అరచెయ్యి కాలితే ఇంక దేన్నీ పట్టుకోలేవు, పాకలేవు. వేడిగా ఉంటే ఆ తలుపు తియ్యకు, ఇంకో దారి చూడు. పొగ పైకెళ్తుంది, అందుకని తల నేలకి దగ్గరగా ఉంచు."

మిలిటరీలో చేశారు, తర్వాత ఫైర్ సర్వీసులో చేశారు. ఆయన నోట ఒక్క కథ వినలేదు నేను. అప్పట్లో రాసిన ఉత్తరాల్లోనూ అంతే, అమ్మకి జ్వరం తగ్గిందా, నాకు లెక్కలు వస్తున్నాయా, ఇవే.

రాత్రి పడుకునే ముందు మాత్రం ఇల్లంతా తిరిగి పడగ్గదుల తలుపులన్నీ మూసేవారు. టీనేజీలో నాకు ఒళ్ళు మండేది, మిలిటరీ క్రమశిక్షణ మామీద రుద్దుతున్నారని. మూసిన తలుపు మంటనీ పొగనీ కాసేపు ఆపుతుందని ఇవాళ ఆరేళ్లవాడికి చెప్తుంటే విన్నాను. నాకెప్పుడూ చెప్పలేదేం? నేనూ అడగలేదనుకోండి.

ఇందాక మళ్ళీ ఆ అడుగుల చప్పుడు. ఒక తలుపు, ఇంకో తలుపు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి మావాడు,

"నేనే వేసేశా తాతయ్యా!"