చీమకుర్తి నల్లరాయి మీద ఫొటోగ్రఫీ ప్రాజెక్టు

ఫొటోగ్రఫీ పరీక్షకిచ్చే ప్రాజెక్టుకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ (మెరుపు చుక్కలున్న నల్లరాయి) మంచి అంశమే, కానీ తీయడం తేలిక కాదు. ఫ్రేమంతా నల్లరాయే ఉంటే వెలుతురును కొలిచే కెమెరా మీటరు దాన్ని బూడిదరంగులోకి లాగుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించండి, అంటే కెమెరా తీసుకునే వెలుతురును సగం చేయండి. మెరుపు చుక్కలు కనపడాలంటే వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లమరకే మిగులుతుంది. (క్వారీలో అడుగుపెట్టే ముందు అనుమతి తీసుకోండి, పేలుళ్ల వేళలు కనుక్కోండి.)

పని చెడేది ఎక్కువగా ప్రింట్లు వేసే ల్యాబ్‌లోనే. 12×8 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×2400 పిక్సెళ్లు కావాలి. 4:3 నిష్పత్తిలో తీసిన ఫోను ఫొటోకు అంచులు తెగుతాయి, క్రాప్ మీరే చేసివ్వండి. ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగులో సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి. "ఆటో కరెక్షన్ (మిషను తనంతట తాను రంగులు, వెలుతురు సరిచేయడం) వద్దు, అన్నా" అని కౌంటర్లో గట్టిగా చెప్పండి. లేకపోతే మీరు కష్టపడి దించిన నలుపును మిషను మళ్లీ లేపుతుంది. ముందు ఒక్కటే వేయించి చూడండి: స్క్రీన్ వెలుతురు బాగా పెంచుకుని ఎడిట్ చేసుంటే కాగితం మీద చీకటిగా వస్తుంది. కాగితంలో నా ఓటు మెరుపు లేని మ్యాట్‌కే. మెరిసే గ్లాసీ కాగితం నలుపులో ట్యూబ్‌లైటు, పరీక్షకుల ముఖం రెండూ కనపడతాయి!

ప్రింట్లు అంటించడానికి జిగురు వద్దు, తడికి కాగితం ముడతలు పడుతుంది. రెండువైపులా అంటుకునే డబుల్ టేపు పై అంచుకు చాలు. మన ఉక్కపోతకు ప్రింట్లు అతుక్కోకుండా మధ్యలో బటర్ పేపరు పెట్టండి.

కాంటాక్ట్ షీటులో (తీసిన ఫొటోలన్నీ చిన్నవిగా ఒకేచోట చూపే కాగితం) పక్కన పెట్టినవీ ఉండాలి, ఎందుకు వద్దనుకున్నారో ఒక వాక్యంతో. "అందంగా ఉంది" అని రాయడం దండగ. షట్టర్ (వెలుతురు పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం వెడల్పు), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) రాసి, అవే ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి.