లోలాకులో ఆకు లేదు

మొన్న పెళ్ళికి రెడీ అవుతుంటే పక్కగదిలోంచి అమ్మ, "ఆ డబ్బాలో నా లోలాకులున్నాయి పట్రావే" అంది. నేను బుట్టలు పట్టుకెళ్ళా. ఇంక చూడండి, ఇంతదానివయ్యావు బుట్టలకీ లోలాకులకీ తేడా తెలీదా అని కార్లో కూర్చున్నాక కూడా క్లాసు పీకింది. చెవికి అంటిపెట్టుకుని ఉండేవి దిద్దులు, కమ్మలు, గంటలా బోర్లించినట్టుండేవి బుట్టలు, కమ్మ కింద సన్నగా వేలాడుతూ తల తిప్పితే ఊగేవి లోలాకులు, అదీ అమ్మ లెక్క.

నేనేమో చిన్నప్పట్నుంచీ లోలాకు అంటే ఏదో ఆకు అనుకునేదాన్ని. అమ్మమ్మ లోలాకులు అచ్చం వేపాకు ఆకారంలో ఉండేవి మరి, రావాకు, తమలపాకు లాగా ఇదీ ఒక ఆకే అనుకున్నా. కానీ ఇందులో ఆకు లేనే లేదు! సంస్కృతంలో లోల అంటే ఊగేది, నిలకడ లేనిది. లోలాక్షి అంటే చంచలమైన కళ్ళున్నావిడ, గానలోలుడు అంటే పాట వింటే మనసు అటే ఊగిపోయేవాడు, అన్నీ ఆ లోలే. దాన్నుంచి వచ్చిన లోలకమే జనం నోట్లో పడి లోలాకు అయింది.

లోలకం అనగానే నాకు ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. మాది తెలుగు మీడియం, అందరూ పెండ్యులం అనేదాన్ని మేం లఘులోలకం అని రికార్డులో రాసేవాళ్ళం, దారానికి గుండు కట్టి స్టాప్ వాచ్ పట్టుకుని డోలనాలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ మధ్యలో ఎన్నో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టీ... అది చెవిపోగు పేరని ఒక్కరూ చెప్పలేదు. హిందీలో కూడా పెండ్యులాన్ని లోలక్ అనే అంటారు.

అసలు తమాషా ఏంటంటే ఆకు ఉన్నది లోలాకులో కాదు, కమ్మలో! కమ్మ అంటే తాటాకు, ఇళ్ళు కప్పే తాటాకుల్ని తాటికమ్మలు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పూర్వం ఉత్తరాన్ని కూడా కమ్మ అనేవాళ్ళు, రాసేది దాని మీదే కదా. తాటాకు ముక్కని చుట్టగా చుట్టి చెవి కన్నంలో పెట్టుకునేవాళ్ళు, తర్వాత బంగారం వచ్చినా పేరు మాత్రం ఆకుదే మిగిలింది. మన ఒక్కళ్ళకే కాదు, తమిళంలో ఓలై అంటే తాటాకూ, చెవి నగా కూడా. అమరకోశంలో అయితే చెవి నగకి తాలపత్రం అనే పేరుంది, సూటిగా తాటాకే. అంటే మనం వజ్రాల కమ్మలు అన్నప్పుడల్లా వజ్రాల తాటాకులు అంటున్నామన్నమాట, షాపుల వాళ్ళు ఇది వినకపోతే మంచిది.

చెంపస్వరాలు కూడా ఇలాంటిదే, అక్కడ స్వరం ఏమీ లేదు, అది సరం, అంటే పేట. చెంప మీదుగా పోయే పేట కాబట్టి చెంపసరం.

ఇదంతా మా తమ్ముడి కొడుక్కి చెప్తే వాడు ఊరుకుంటాడా, స్కేలు తెచ్చి అమ్మ లోలాకు కొలిచాడు, నాలుగు సెంటీమీటర్లు. ఫార్ములా ప్రకారం ఒక ఊపుకి 0.4 సెకన్లు, పది ఊపులకి నాలుగు సెకన్లట. ఇంకోటి కూడా కనిపెట్టాడు, బరువు ఎంత పెంచినా ఆ టైము మారదు, పొడవు పెరిగితేనే ఊపు నెమ్మదిస్తుంది, అంటే మెల్లగా వయ్యారంగా ఊగాలంటే పొడుగు లోలాకులు చేయించుకోవాలి గానీ తులాలు పెంచి లాభం లేదు. వెంటనే ఫోన్లో టైమర్ పెట్టి "నానమ్మా ఒక్కసారి తల తిప్పు" అని వెంటపడ్డాడు.

"ఊగింది చాల్లేరా, ముందు ఆ శీల వదులైంది, బిగించి పెట్టు" అంది అమ్మ.