రెండు స్పూళ్ల కార్బన్ మూడు స్పూళ్లు వెలిగిన లెక్క: ఆర్క్ ల్యాంపుతో నా అనుభవం

కావలికీ కందుకూరుకీ మధ్య ఒక రేకుల సినిమా హాల్లో ఆర్క్ ల్యాంపుల (రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య కరెంటు మంటతో వెలిగే ప్రొజెక్టర్ దీపాల) మీద బొమ్మ వేసిన రోజుల్లో కార్బన్ ఖర్చు తగ్గించడానికి ఏం చేశామో, అందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రాస్తున్నాను. జినాన్ ల్యాంపులు వచ్చి, ఆపైన డిజిటల్ వచ్చాక ఈ పని చేతిలో ఉన్నవాళ్లు బాగా తగ్గిపోయారు. పాత మిషను బాగుచేయించి మళ్లీ వెలిగించాలనుకునేవాళ్లకు ఈ లెక్కలు అక్కరకు వస్తాయి.

ముందు ల్యాంపు సంగతి. వెనక గుండ్రటి అద్దం, దాని నడిమి రంధ్రంలోంచి నెగటివ్ కార్బన్, ఎదురుగా అద్దం వైపు ముఖం పెట్టి పాజిటివ్ కార్బన్. మా దగ్గర పాజిటివ్ 8 మిల్లీమీటర్ల మందం, 14 అంగుళాల పొడవు. నెగటివ్ 7 మిల్లీమీటర్లు, 9 అంగుళాలు. రెంటికీ పైన రాగిపూత. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైయర్ నుంచి 65 ఆంపులు (ఆంపియర్లు). తెరమీద పడే వెలుగంతా దాదాపు పాజిటివ్ కొసన ఏర్పడే గుంటలోంచే వస్తుంది. ఆ కార్బన్ నడుమ సీరియం లాంటి లోహాల లవణాలు కలిపిన మెత్తటి గుజ్జు ఉంటుంది. అది ఆవిరై గుంటలో నిలిచినప్పుడే తెల్లటి వెలుగు. అందుకే పాజిటివ్ త్వరగా అరుగుతుంది, నెగటివ్ నిదానంగా. ఖర్చు తగ్గించడమంటే ముఖ్యంగా పాజిటివ్ సంగతి చూసుకోవడమే.

మొదట చేసిన పని కొలవడం. ప్రతి స్పూలుకూ ముందూ వెనకా స్కేలు పెట్టి పాజిటివ్ పొడవు కొలిచి, గోడమీద సుద్దతో రాశాం. 1000 అడుగుల రీళ్లు రెండు కలిపి చుడితే 2000 అడుగుల స్పూలు. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది కాబట్టి స్పూలుకు 22 నిమిషాల పైచిలుకు. 65 ఆంపుల దగ్గర, ముందు వెలిగించి నిలబెట్టే సమయం కూడా కలుపుకుంటే, స్పూలుకు నాలుగున్నర అంగుళాలు పోతోంది. పట్టు ఆర్క్‌కి మరీ దగ్గరగా వస్తే కార్బన్‌ని పట్టుకునే దాని దవడలు కాలిపోతాయి, అందుకని మా ల్యాంపులో చివరి రెండున్నర అంగుళాలు వాడటానికి వీల్లేదు. 14లోంచి అది తీసేస్తే పనికొచ్చేది పదకొండున్నర. రెండు స్పూళ్లకు 9 పోగా 5 అంగుళాల ముక్క చేతిలో మిగిలేది. మూడో స్పూలుకు అది చాలదు, కాబట్టి డబ్బాలో పడేది. కొత్త కార్బన్‌లో మూడో వంతుకు పైనే డబ్బా పాలన్నమాట. ఆ ముక్కల్ని అతికించి వాడే ఉపాయాల కోసం అందరం తిరుగుతుండేవాళ్లం గానీ, అంత పొడుగు ముక్క ఎందుకు మిగులుతోందన్నదే అసలు చూడాల్సింది.

సుద్ద లెక్కల్లో ఇంకోటి బయటపడింది. అదే స్పూలు, అదే బ్రాండు కార్బన్, కానీ మొదటి ఆటకన్నా రెండో ఆటలో పావు అంగుళం దాకా ఎక్కువ అరుగుతోంది. సాయంత్రం ఊళ్లో లైట్లు, బియ్యం మిల్లులు, మోటార్లు అన్నీ నడుస్తుంటే వోల్టేజీ కిందికి దిగేది. రాత్రి పది దాటి అవన్నీ ఆగాక వోల్టేజీ లేచేది. సాయంత్రం తక్కువ వోల్టేజీకి సరిపెట్టిన రెక్టిఫైయర్ ట్యాపును (వోల్టేజీ ఎక్కువ తక్కువ చేసే మెట్టును) అలాగే వదిలేస్తే రాత్రికి ఆమ్మీటరు ముల్లు 70 మీదికి పోయేది. ఆంపులు కాస్త పెరిగితే వెలుగు కాస్తే పెరుగుతుంది, అరుగుదల మాత్రం అంతకు మించి పెరుగుతుంది. అప్పటినుంచి, ఒక మిషను నుంచి రెండోదానికి మారే ప్రతి చేంజోవర్‌కీ ముందు ఆమ్మీటరు చూసి ట్యాపు మార్చడం అలవాటు చేసుకున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు. మూడు రోజుల్లోనే రెండో ఆట అరుగుదల మొదటి ఆటతో సమానమైంది.

తర్వాత అద్దం. కార్బన్ గుజ్జు కాలి లేచే తెల్లటి బూడిద అద్దంమీద పల్చగా పేరుకుంటుంది. రోజూ చూసే కంటికి అది ఆనదు. తెర మసకబారినట్టుంటే ఆపరేటర్ చెయ్యి ఆంపుల మీదికే పోతుంది, అద్దం మీదికి పోదు. పొద్దున అద్దం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పొడి మల్లు గుడ్డతో, మధ్య రంధ్రం నుంచి అంచుకు తుడవాలి. వేడి అద్దానికి తడిగుడ్డ తగిలితే పగులుతుంది. ఆర్క్ ఆర్పిన వెంటనే ల్యాంప్ హౌస్ తలుపు బార్లా తీసి ఫ్యాను గాలి కొట్టనిచ్చినా అంతే. రాగి చుక్కలు చింది అతుక్కున్నచోట గాజు గుంటపడుతుంది, దాన్ని గోకి లాభం లేదు. పొగ గొట్టం కూడా చూడాలి. లాగుడు తక్కువైతే బూడిద లోపలే తిరిగి అద్దంమీద వాలుతుంది, ఎక్కువైతే మంట అటూ ఇటూ ఊగి వెలుగు వణుకుతుంది. మా గొట్టం చివర పిచ్చుక గూడు కట్టిన నెలలో అద్దం రోజుకు రెండుసార్లు తుడవాల్సి వచ్చింది.

అద్దం శుభ్రమయ్యాక ఫిల్మ్ లేకుండా తెల్లతెర మీద వెలుగు వేసి, నాలుగు మూలలూ చూస్తూ ఆంపులు ఒక్కో ట్యాపూ దించాం. 58 దగ్గర కూడా తెర, మురికి అద్దంతో 65 దగ్గర ఉన్నప్పటికన్నా వెలవెలపోలేదు. 55కి దిగువకు పోతే 8 మిల్లీమీటర్ల కార్బన్‌కి గుంట నిండుగా ఏర్పడదు, వెలుగు పసుప్పచ్చగా తిరుగుతుంది. అక్కడికి పోకూడదు. అంత తక్కువ వెలుగే చాలే చిన్న తెరకైతే 7 మిల్లీమీటర్ల పాజిటివ్, 6 మిల్లీమీటర్ల నెగటివ్ వేసి 45 ఆంపుల చుట్టూ నడుపుకోవడం మేలు.

58 దగ్గర కొలిస్తే స్పూలుకు 3.7 అంగుళాలు. మూడు స్పూళ్లకు 11.1. వాడుకోవడానికి ఉన్నది 11.5. మూడు స్పూళ్లూ సరిపోయి ఇంకా కాస్త మిగిలింది! డబ్బాలోకి 5 అంగుళాల ముక్క బదులు 3 అంగుళాలకు కాస్త తక్కువ ముక్క పడింది. 16 రీళ్ల బొమ్మకు 8 స్పూళ్లు, నాలుగాటలకు 32. అంతకుముందు రోజుకు 16 పాజిటివ్‌లు. ఇప్పుడు 11. ఆంపులు పదో వంతుకు కాస్త పైన మాత్రమే దించాం, కార్బన్ మాత్రం దాదాపు మూడో వంతు మిగిలింది. ఎందుకంటే అరుగుదల తగ్గడంతోపాటు, మిగిలే ముక్క ఇంకో స్పూలుకు చాలేంత పొడవుకు చేరింది. మీ ల్యాంపులో అంకెలు వేరుగా ఉంటాయి, ఆ చాలే హద్దు ఎక్కడుందో మీరే కొలుచుకోవాలి. వెడల్పు తెర మీద వేసే స్కోపు బొమ్మలకు మాత్రం 58 చాలలేదు, 62కి పెంచాల్సి వచ్చింది. అప్పుడు మూడు స్పూళ్లు పట్టేవి కావు. రెండు స్పూళ్ల తర్వాత మిగిలిన ముక్కను మర్నాడు ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలుకీ స్లైడ్లకీ వాడేవాళ్లం.

లెక్క ప్రతిసారీ నోటితో వేస్తే చీకట్లో తప్పు పోతుంది. అందుకని ఒక వెదురు బద్దకు ఒక కొసన చిన్న అడ్డుచెక్క కొట్టి, అక్కణ్నుంచి ఆరున్నర అంగుళాల దగ్గర ఒక గాటు, పదింపావు దగ్గర రెండు గాట్లు పెట్టి, ల్యాంప్ టేబుల్ అంచుకు బిగించాం. కార్బన్ కొసను చెక్కకు ఆనించి బద్దమీద పెడితే వేలికే తెలుస్తుంది. మొదటి గాటు దాటితే ఒక స్పూలుకు చాలు, రెండో గాట్లు దాటితే రెండు. మొదటి గాటుకు అందని ముక్క స్పూలుకు పెట్టకూడదు. ఒకసారి అర అంగుళం తక్కువున్న ముక్కను పెట్టి, మధ్యలో ఆర్క్ పోయి, నేల, బెంచీ అంతా ఒక్కసారిగా లేచారు. దవడలు కూడా కాలాయి. విరిగిన కార్బన్‌నీ ఇదే బద్దమీద పెట్టి చూడాలి. బస్సుమీద పెట్టె నిలువుగా పెడితే కార్బన్లు విరుగుతాయి, పడుకోబెట్టి తేవాలి. విరిగింది ఏడంగుళాలుంటే ఒక స్పూలుకు పనికొస్తుంది, పారేయనక్కర్లేదు.

పట్టు దవడల సంగతి చాలామంది పట్టించుకునేవారు కాదు. దవడ లోపల మసి, చిలుము పేరుకుంటే కరెంటు అంతా రెండు మూడు చుక్కల గుండా పోతుంది. అక్కడ రాగిపూత ఊడిపోతుంది, కార్బన్ వేడెక్కి ఆర్క్ వెనకాల చాలా దూరం ఎర్రబడి, పెన్సిల్ చెక్కినట్టు సన్నబడిపోతుంది. సన్నబడిన కార్బన్ ఒకటిన్నర రెట్లు వేగంగా అరుగుతుంది, గుంట కూడా చిన్నదవుతుంది. తీసేసిన ముక్కను చూస్తే తెలిసిపోతుంది. రాగి అర అంగుళం లోపు మాత్రమే వెనక్కి కాలి ఉంటే మంచిదే. అంగుళం దాటి కాలి, పట్టు ఉన్నచోట నల్లటి మచ్చలుంటే దవడలదే తప్పు. వారానికోసారి సన్నటి ఎమరీ పేపరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగు బిగి చూడాలి. నూనె చుక్క కూడా వేయకూడదు.

గుంట ఎప్పుడూ అద్దం నాభి దగ్గరే, అంటే అద్దం వెలుగును సరిగ్గా ఫిల్మ్ మీదికి పంపే చోటే ఉండాలి. మా ల్యాంప్ హౌస్ పక్కన చిన్న రంధ్రంలోంచి ఆర్క్ బొమ్మ బయటి అట్టమీద తలకిందులుగా పడేది. వెలుగు బాగున్న ఒక సాయంత్రం పాజిటివ్ కొస ఎక్కడుందో, నెగటివ్ మొన ఎక్కడుందో రెండు సన్నటి గీతలు గీశాం. ఆ తర్వాత ఆర్క్ వైపు చూడాల్సిన పనే లేదు, గీతలు చూస్తే చాలు. నేరుగా చూస్తే కళ్లు పోతాయి, నల్ల గాజు లేకుండా చూడొద్దు. గుంట గీతకు ఒక పక్కకు జరుగుతూ ఉందంటే ఫీడ్ మోటారు ఒక కార్బన్‌ని ఎక్కువ తోస్తోందన్నమాట. ఆంపులు 65 నుంచి 58కి దించినప్పుడు మేం మొదట చేసిన తప్పు ఇక్కడే. ఫీడ్ పాత వేగంతోనే ఉంది. అరుగుదల తగ్గింది, తోపు తగ్గలేదు. రెండు కొసలూ దగ్గరై, నెగటివ్ మొనమీద పుట్టగొడుగులా బొడిపె కట్టింది. దాన్ని విరగ్గొట్టడానికి రెండుసార్లు ఆర్పాల్సి వచ్చింది. ఆంపులు మార్చిన రోజే ఫీడ్ కూడా సరిచేయాలి. పాజిటివ్ తోపు తగ్గించి, పది నిమిషాలు గీతల్ని చూసి, మళ్లీ కాస్త తిప్పి, మళ్లీ పది నిమిషాలు చూడాలి. మాకు రెండు మ్యాట్నీలు పట్టింది. రెండు కొసల మధ్య దూరం పావు అంగుళం పైచిలుకు ఉండేలా చూసుకున్నాం.

వెలిగించడంలోనూ పోయేది ఉంది. కొత్త కార్బన్‌కి గుంట ఏర్పడాలంటే ఒకటి రెండు నిమిషాలు కావాలి, అప్పటికే కాలిన దానికి ఒక నిమిషం చాలు. మా దగ్గర కుర్రాళ్లు భయంకొద్దీ ఐదు నిమిషాల ముందే వెలిగించి, అడ్డుతలుపు మూసి కూర్చునేవాళ్లు. ఒక్కో చేంజోవర్‌కి అర అంగుళానికి పైన చీకట్లో కాలిపోయేది. అందుకని కొత్త కార్బన్‌ని స్లైడ్లకు ముందు వెలిగించి గుంట కట్టించేవాళ్లం. స్పూళ్ల మధ్య అయితే, విప్పుకునే స్పూలులో ఫిల్మ్ ఎంత మిగిలితే నిమిషమున్నర అవుతుందో స్పూలు రేకుమీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టాం. ఫిల్మ్ ఆ గుర్తుకు దిగగానే రెండో మిషను వెలిగించాలి. రెండు కార్బన్లనూ తాకించేటప్పుడు మెత్తగా తాకించి వెంటనే వెనక్కి లాగాలి. గట్టిగా గుద్దితే గుంట అంచు పెచ్చూడుతుంది, అంచు మళ్లీ సమం అయ్యేదాకా కాలింది కాలినట్టే దండగ.

మా ఊరికి సముద్రపు గాలి తగులుతుంది. కార్తీకమాసం ముసురులో అట్టపెట్టెలోని కార్బన్‌లు తేమ పీల్చి, వెలిగించగానే చిటపటలాడి కొస పగిలేవి. రాగిమీద పచ్చటి చిలుము పట్టేది. పెట్టెలు నేలమీద కాకుండా అరమీద పెట్టి, ఆరోజుకు కావాల్సినవి మాత్రం ఒక ఆట ముందు ల్యాంప్ హౌస్ పైన పరిస్తే ఆ వేడికి ఆరిపోతాయి. చిలుము పట్టినవాటి తోకవైపు రెండంగుళాలు ఎమరీతో రుద్ది పెట్టేవాళ్లం.

ఇక ముక్కలు. అతికించడం రెండు విధాలుగా ప్రయత్నించాం. సన్నటి రాగి గొట్టం తొడిగితే, అతుకు ఆర్క్ దగ్గరికి వచ్చినప్పుడు రాగి కరిగి అద్దంమీద చిందింది. ఒకదానికి గుంట తొలిచి, ఇంకోదానికి మొన చెక్కి దూరిస్తే, అతుకు కాలేటప్పుడు తెర ఎర్రబడి పావు నిమిషం మినుకుమంది, ఒకసారి ముందు ముక్క ఊడి కిందపడింది. ఫ్యాక్టరీలోనే గుంట, మొన పెట్టి చేసిన కార్బన్‌ల మాట వేరు, చేత్తో చెక్కి ఆ బిగువు తేలేం. అద్దం ఖరీదు ముందు ఆ ముక్కల విలువ ఎంత? రెండూ మానేశాం. పనికొచ్చింది ఒక్క పొడిగింపు పట్టు. 8 మిల్లీమీటర్ల మందం, ఐదంగుళాల ఇత్తడి కడ్డీ, దాని ముందు కొసకు ముక్క దూరేలా చీలిక గొట్టం, పైన బిగించే చిన్న స్క్రూ. లేత్ దగ్గర చేయించాం. కడ్డీని దవడలు పట్టుకుంటాయి, 3 అంగుళాల ముక్కలో ఇంకో ఒకటిన్నర అంగుళం కాలుతుంది. అంటే తొమ్మిది నిమిషాలు. స్లైడ్లకు, ట్రైలర్లకు సరిపోయేది, న్యూస్‌రీలుకు పెట్టేవాళ్లం కాదు. చీలిక ఏమాత్రం వదులైనా ఇత్తడి కరుగుతుంది కాబట్టి ప్రతిసారీ స్క్రూ బిగించి, లాగి చూడాలి.

నెగటివ్‌కి ఇంత ఆర్భాటం అక్కర్లేదు. స్పూలుకు ఒకటిన్నర అంగుళం చొప్పున 9 అంగుళాలది నాలుగు స్పూళ్లు వస్తుంది, అంటే ఒక మిషనుకు ఆటకొకటి. ఆట మొదట్లో కొత్తది పెట్టి, ఆట అయ్యాక తీసేస్తే మధ్యలో చూసుకునే పనే ఉండదు.

రెండో ఆట అయ్యాక, సగం కాలిన పాజిటివ్‌ని దవడల్లోనే వదిలేయొద్దు. తెల్లారేసరికి ఉప్పుగాలికి పట్టు దగ్గర చిలుము పడుతుంది. చల్లారాక తీసి, వెదురు బద్దమీద కొలిచి, ఇంకా ఎన్ని స్పూళ్లు మిగిలుందో తోకమీద సుద్దతో ఒక గీతో రెండు గీతలో గీసి, అరమీద పెట్టేవాళ్లం. పొద్దున ఆటకు ఏ మిషనుకు ఏది పెట్టాలో ఆ గీతలు చూసి తీసుకోవడమే.