ఆపద కాలంలో దీపం బల్ల మీద పెట్టుకుంటే చాలు

యోహాను సువార్త 10వ అధ్యాయంలో చలికాలంలో యెరూషలేములో జరిగిన ఆలయ ప్రతిష్ఠిత పండుగ గురించి చదువుతాం కదా, యూదులు దాన్నే హనుక్కా అంటారు. అంతియొకస్ అనే గ్రీకు రాజు అపవిత్రం చేసిన దేవాలయాన్ని, అతని మీద తిరగబడిన మక్కబీయులనే యూదులు క్రీ.పూ. 164లో శుద్ధి చేసి మళ్లీ ప్రతిష్ఠించారు. ఒక్క రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని వాళ్ల పెద్దలు చెబుతారు.

దానికి గుర్తుగా యూదులు హనుక్కాలో ఇంట్లో దీపం వెలిగిస్తారు. ఈ దీపం వీధిలో వెళ్లేవాళ్లకు కనిపించాలి. గుమ్మం దగ్గరో కిటికీలోనో పెట్టాలి, ఎందుకంటే దేవుడు చేసిన అద్భుతం నలుగురికీ చాటడమే దాని పని. కానీ యూదు పెద్దల బోధల గ్రంథమైన తల్మూదులో ఆ నియమం పక్కనే ఇంకో మాట ఉంది: ఆపద కాలంలో ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటే చాలు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాక్ట్ వీధిలోని 263వ నంబరు భవనం గుర్తొస్తుంది.

నాజీల చేతికి చిక్కకుండా 1942 జులైలో ఆన్ ఫ్రాంక్ అనే యూదు అమ్మాయి కుటుంబం అక్కడ, తండ్రి ఆఫీసు వెనక భాగంలో తలదాచుకుంది. చివరికి ఎనిమిది మంది అయ్యారు. పగలు కింద గోడౌన్‌లో పనివాళ్లు ఉంటారు, అడుగుల చప్పుడు కూడా వినపడకూడదు, కిటికీలకు ఎప్పుడూ పరదాలే. ఆ డిసెంబరులో హనుక్కా వచ్చింది. వాళ్లలో ఒకరైన హెర్మన్ వాన్ పెల్స్ కొవ్వొత్తులు నిలపడానికి చెక్కతో దీపస్తంభం చేశాడు. కొవ్వొత్తులకు కరువు కాబట్టి పది నిమిషాలే వెలిగించి ఆర్పేశారు, పాట పాడుకున్నారు, చిన్న చిన్న కానుకలు ఇచ్చిపుచ్చుకున్నారు. పదమూడేళ్ల ఆన్ తన డైరీలో రాసుకోబట్టే ఇదంతా మనకు తెలిసింది.

యూదుల నియమం ప్రకారం ఆ దీపం కనీసం అరగంట వెలగాలి. అయినా నా మనసుకు అది లోపమున్న ఆరాధనగా ఎప్పుడూ అనిపించలేదు. దాక్కుని బతకాల్సిన రోజు వస్తుందని వెయ్యేళ్లకు ముందే ఎరిగి, అలాంటి ఇంటికీ పండుగలో చోటు ఉంచారు ఆ పెద్దలు. భయంతో తలుపు మూసుకున్నవాళ్లను విశ్వాసం లేనివాళ్లని తేలిగ్గా అనేస్తాం, నాకు ఆ మాట చాలా బాధగా ఉంటుంది.

ఆలయంలో నూనెను ఎనిమిది రోజులు నిలిపిన దేవుడు ఆ ఇంట్లో కొవ్వొత్తుల్ని ఎందుకు పొడిగించలేదు? 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి అందరినీ పట్టుకుపోయారు. దీపస్తంభం చేసిన వాన్ పెల్స్‌ను ఆష్‌విట్జ్ అనే నాజీ శిబిరంలో చంపేశారు. ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఆన్ తండ్రి ఒట్టో ఒక్కడే. దీనికి ఎవరైనా చక్కటి వివరణ ఇస్తే వినాలని కూడా నాకు లేదు. 13వ కీర్తనలో దావీదు "ఎన్నాళ్లు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు, నేనూ ప్రార్థనలో అదే అడుగుతున్నాను.